కుర్చీలో కొలిచిన చూపు

మలాంగ్,
12 మార్చి 1996

ఒరేయ్ సిగిత్,

పెట్టె విప్పగానే సోయా గింజల టెంపె చిప్స్ మీద పడతావని తెలుసు. అందుకే కళ్లజోడు వాటి కింద పెట్టాను. ముందు దాన్ని బయటికి తియ్యి, ఈ ఉత్తరం చదువు, తిండి తర్వాత.

నువ్వు అడిగిన జోడు ఇది కాదు. పత్రికలోంచి కత్తిరించి పంపిన బొమ్మ నా బల్ల మీదే ఉంది. చెవి నుంచి చెవి దాకా ముఖాన్ని చుట్టేసిన ఒంటి పలక. సొగసుగానే ఉంది, కాదనను. కానీ ఆ బొమ్మలో మనిషికి సైటు లేదురా. నీకు కుడికన్ను మైనస్ నాలుగున్నర, ఎడమది మైనస్ మూడు. అంత పవర్‌ని అంత వంపులో బిగిస్తే పక్కల రోడ్డు అరటిపండులా వంగి కనిపిస్తుంది. బయట పలక, లోపల చిన్న సైటు అద్దాలు తగిలించే రకం కూడా చూశాను. రెండింటి మధ్య నీ చెమట ఆవిరి పట్టిందంటే ఇక దేవుడే దిక్కు. కాంటాక్ట్ లెన్సుల మాట మాత్రం ఎత్తకు. కంట్లో పుండు పడి పదిహేను రోజులు చీకటి గదిలో మూలిగింది నువ్వు మరిచిపోయావేమో, గంజి తాగించిన నేను మరిచిపోలేదు.

అందుకని ఇది. వంపు ఓ మాదిరి. రాయి ఎగిరి తగిలినా పగలని ప్లాస్టిక్ లెన్సు. ముక్కు దగ్గర రబ్బరు, తల వెనక సాగే పట్టీ. రంగు గోధుమ. నల్లద్దాలు సముద్రపు ఒడ్డున కూర్చునేవాళ్లకి; నువ్వు పైన్ చెట్ల నీడలోంచి ఎండలోకీ, ఎండలోంచి నీడలోకీ సైకిల్ మీద దూకేవాడివి.

కొలత గురించి బెంగ వద్దు. నాన్న కుర్చీలో కూర్చోబెట్టి, వీపు నిటారుగా, గడ్డం తిన్నగా ఉంచి మూడుసార్లు కొలిచాను కదా, నువ్వు కోతిలా కదులుతున్నా సరే. నాన్న పోయి రెండేళ్లయినా ఈ వీధివాళ్లు నన్ను ‘పాక్ సస్త్రో చెయ్యి’, సస్త్రోగారి చెయ్యి, అని నాన్న పేరుతోనే అంటున్నారు. ఆ చెయ్యి తప్పదు.

మీ కోచ్‌కి ఏం చెప్పావో రాయి.

నీ అక్క,
రెత్నో

లెంబాంగ్ శిబిరం,
21 మార్చి

అక్కకు సలాం.

జోడు అదిరింది. పెట్టుకుని భోజనాల గదిలోకి వెళ్తే దదాన్ లేచి నిలబడి, “అయ్యా, సినిమా షూటింగ్ ఎక్కడండీ?” అన్నాడు. చిప్స్ సగం వాడే మింగాడు. వీడే నా పక్క మంచం, బాండుంగ్ వాడు. నాకు సైటుందని శిబిరంలో తెలిసినవాడు వాడొక్కడే. ఇన్నాళ్లూ గోడమీద నోటీసులన్నీ నాకు చదివి పెట్టింది వాడే, ప్రతిదానికీ ఓ అబద్ధం కలిపి.

కోచ్ పాక్ తర్యోనోకి ఎండకీ దుమ్ముకీ పెట్టుకున్న మామూలు అద్దాలని చెప్పాను. కోప్పడకు. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు వాళ్ల జట్టులో ఒకతనికి కొండ దిగుతుంటే కళ్లజోడు ఎగిరిపోయిందట. ఆ మనిషి మళ్లీ సైకిలెక్కలేదు. “సైటున్నోడు ఇంట్లో కూర్చుని పేపర్ చదువుకోవాలి, నా కొండ దిగకూడదు” అని మొదటి రోజే అందరి ముందూ అన్నారు. జూన్ పదహారున పందెం. ఏడుగురం ఉన్నాం, ఐదు చోట్లు. నాకు ఇరవై ఆరు నిండాయక్కా, వచ్చే ఏడు నన్నెవరూ పిలవరు.

చదును రోడ్డు మీద అంతా స్పష్టం. గుంటలో నీళ్లు కూడా కనిపిస్తున్నాయి. దిగుడులో మాత్రం రోడ్డు కొంచెం తేలుతున్నట్టుంది. నిన్న మధ్యలో తెల్లగీత రెండుగా చీలి, మళ్లీ కలిసిపోయింది. కొత్త జోడు కదా, అలవాటు కావాలేమో? ఎన్నాళ్లు పడుతుంది?

నీ తమ్ముడు,
సిగిత్

మలాంగ్,
30 మార్చి

ఒరేయ్,

ఏ కొత్త జోడుకైనా రెండు వారాలు పడుతుంది. నీకు ఓపికెప్పుడు ఏడ్చింది గనక! పట్టీ బిగించుకో, జోడు ముక్కుమీంచి జారితే గీతలు రెండేం ఖర్మ, నాలుగు కనిపిస్తాయి.

నీ మాట విని నీ కొలతల కార్డు తీసి మళ్లీ చూశాను. పవర్ సరే, పాపల మధ్య దూరం సరే, ఎత్తు సరే. తయారై వచ్చిన లెన్సుల్ని పంపేముందు యంత్రం మీద పెట్టి నేనే సరిచూశాను. కార్డులో ఏముందో అందులో అదే ఉంది.

కోచ్‌తో అబద్ధమాడటం నాకు నచ్చలేదు. ఆడేశావు కాబట్టి ఇప్పుడు తిట్టి లాభం లేదు. జాగ్రత్త.

అక్క

లెంబాంగ్,
14 ఏప్రిల్

అక్కకు,

బాగున్నాను. జోడు అలవాటైపోయింది.

ఇక్కడ వానలు. దదాన్ ఇంటికి వెళ్లిపోయాడు. టీ తోటల దగ్గర మలుపులో చక్రం జారి పడ్డాడు, మెడ కింద ఎముక విరిగింది. ఇక ఈ ఏడు పందెం లేదు వాడికి. పక్క మంచం ఖాళీ.

మెడనొప్పి తైలం ఉంటే పంపు. దిగుతున్నప్పుడు తెలియకుండానే గడ్డం పైకెత్తి పట్టుకుంటున్నాను. సాయంత్రానికి మెడ కొయ్యబారిపోతోంది.

ఒక మాట అడుగుతాను, నవ్వకు. మనిషికి ధైర్యం ఉన్నట్టుండి అయిపోతుందా? నాన్నకి ఎప్పుడైనా అలా అయిందా?

సిగిత్

మలాంగ్,
22 ఏప్రిల్

సిగిత్,

తైలం పంపుతున్నాను. దదాన్ సంగతి విని మనసు పాడైంది. వాళ్ల ఇంటి చిరునామా రాయి.

ఇక్కడ అంతా మామూలే. పిన్ని మోకాళ్లు అలాగే ఉన్నాయి. మార్కెట్లో యాపిల్స్ బాగా వచ్చాయి.

ఊరికే ఒకటి అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. నువ్వు హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని వంగినప్పుడు, లెన్సులో ఏ భాగంలోంచి చూస్తున్నావు? మధ్యలోంచా, పైఅంచులోంచా? తీరిక ఉన్నప్పుడు చూసి రాయి.

ఇంకోటి. కొన్నాళ్లు దిగుళ్ల జోలికి పోకు. మోకాలు నొప్పి అని చెప్పు. ఎవరికైనా వస్తుంది, ఎవరూ ఏమనరు. నా మాట విను.

అక్క

లెంబాంగ్,
1 మే

అక్కా,

మోకాలు నొప్పని చెప్పమంటావా? నువ్వా! చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అంటే చెవి మెలేసి లాక్కెళ్లిన దానివి నువ్వేనా?

సరే, నిజం చెప్తాను. నాలో పెట్టుకుని కుళ్లిపోతున్నాను.

దదాన్ చక్రం జారలేదు. నేనే గుద్దాను. ఆ మలుపులో వాడు లోపలి పక్కన ఉన్నాడు, నేను బయట. రోడ్డు అంచు నాకు ఒకచోట కనిపించింది, నిజానికి అది వేరేచోట ఉంది. తప్పించుకోబోయి వాడి మీదికి తిప్పేశాను. వాడు ఎగిరి రాళ్లగోడకి కొట్టుకున్నాడు. నేను గడ్డిలో పడ్డాను, గీత కూడా పడలేదు. కోచ్ జీపు దిగి వచ్చేలోపు వాడు పళ్లు బిగబట్టి, “నోర్ముయ్యరా, నేనే జారానని చెప్తా. ఇద్దరం పోవడం దేనికి?” అన్నాడు. అన్నట్టే చెప్పాడు. నేను నోరు మూసుకునే ఉన్నాను అక్కా. వాడి ముఖం పాలిపోయి ఉంది, నేను పక్కన నిలబడి నోరు మూసుకున్నాను.

అప్పట్నుంచీ దిగుడు చూస్తే బ్రేకులు నొక్కేస్తున్నాను. ధైర్యం పోయింది. వేరే కారణమేం లేదు. అలవాటు కావడానికి రెండు వారాలన్నావు, ఆరు వారాలైంది.

ఇప్పుడు దదాన్ లేడు కాబట్టి దిగుళ్లలో ముందు పోయే పని నాకిచ్చారు. మే పన్నెండున ఎంపిక. అగ్నిపర్వతం రోడ్డు పైనుంచి కింది దాకా నేను ముందు, నా చక్రం చూసుకుంటూ ఐదుగురు వెనక. నేను దారి తప్పితే వాళ్లూ నా వెంటే తప్పుతారు.

నువ్వడిగింది చూశాను. పైఅంచులోంచే చూస్తున్నాను. అయితే ఏంటి? ఊరికే అడిగానన్నావు. ఊరికే ఏదీ అడగవు నువ్వు. ఏదైనా ఉంటే చెప్పు.

సిగిత్

మలాంగ్,
6 మే
(త్వరిత తపాలా)

తమ్ముడూ,

నువ్వు పిరికివాడివి కాదు. ముందు ఈ ముక్క రెండుసార్లు చదువుకో. నీ ధైర్యం ఎక్కడికీ పోలేదు. తప్పు జోడులో ఉంది. చేసింది నేను.

ఏప్రిల్ ఇరవైన ముసలి లియోంగ్‌గారు దుకాణానికి వచ్చారు, బిలియర్డ్స్ హాలాయన. ఫిబ్రవరిలో ఆయనకి జోడు చేశాను. “పేపర్ చదివితే బ్రహ్మాండం, బల్ల దగ్గర మాత్రం బంతి ఉన్నచోట ఉండట్లేదమ్మా” అన్నారు. మళ్లీ కుర్చీలో కూర్చోమన్నాను. ఆయన కూర్చోలేదు. నా గాజు బల్ల మీద కర్ర పట్టినట్టు వంగి, గడ్డం ఆనించి, కళ్లు పైకెత్తి, “నేను ఆడేది ఇలా. నువ్వు కొలిచింది అలా. మీ నాన్న అయితే నన్ను వంచి కొలిచేవాడు” అన్నారు.

ఆయన కళ్లు లెన్సు పైఅంచులో ఉన్నాయి. ఆ క్షణమే నువ్వు గుర్తొచ్చావు.

నిటారుగా కూర్చున్న కంటికి సరిపోయేచోట నీ లెన్సుల నడిమి బిందువు పెట్టాను. నువ్వు వంగితే ఆ బిందువు కిందుండిపోతుంది, నువ్వు అంచులోంచి చూస్తావు. అంచులో రోడ్డు ఉన్నచోటు కంటే కిందికి జరిగి కనిపిస్తుంది. నీకు రెండు కళ్ల పవర్ ఒకటి కాదు కాబట్టి కుడికన్నుకి ఎక్కువ జరుగుతుంది, ఎడమకన్నుకి తక్కువ. రెండు కళ్లకీ రెండు రోడ్లు. నువ్వు చూసిన రెండు గీతలు అవే. గడ్డం ఎత్తావు చూడు, నీ మెడకి నాకంటే ముందు తెలిసింది.

ఇరవైన తెలిసి ఇరవై రెండున నీకు యాపిల్స్ గురించి రాశాను. ఎందుకో చెప్తాను. సిగ్గేసింది. అంతే. సగం తెలిసి భయపడతావనీ, జోడు తీసేసి గుడ్డిగా దిగుతావనీ నాకు నేను చాలా చెప్పుకున్నాను. అవన్నీ వంకలు. పాక్ సస్త్రో చెయ్యి తప్పిందని నా నోటితో అనలేకపోయాను. దదాన్ ఎముక విరిగిందని తెలిశాక కూడా అనలేకపోయాను.

ఇక విను. పన్నెండున దిగకు. కోచ్‌కి నిజం నువ్వే చెప్పు. పదో తేదీ మధ్యాహ్నానికి ‘దిగను’ అని నీ టెలిగ్రాం రాకపోతే నేనే పాక్ తర్యోనోకి ఫోన్ చేస్తాను. అలా చేస్తే నీ చోటు పోతుందని తెలుసు. నువ్వు నన్ను జన్మలో క్షమించవని కూడా తెలుసు. అయినా చేస్తాను. నాకు తమ్ముడివి నువ్వొక్కడివేరా.

రెత్నో

లెంబాంగ్,
13 మే

నీ త్వరిత తపాలా నిన్న సాయంత్రం చేరింది. నీ ఫోను దానికంటే ముందే వచ్చింది.

కోచ్ అందరి ముందూ నన్ను పిలిచారు. జోడు తీసి బల్ల మీద పెట్టమన్నారు. గోడమీది క్యాలెండర్లో ఏ నెలో చదవమన్నారు. మే నెలని తెలుసు కాబట్టి మే అన్నాను. “ఏప్రిల్ కాగితం చింపలేదయ్యా ఇంకా” అన్నారు. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. “నీ వెనక ఐదుగురి ప్రాణాలు నీ చేతిలో పెట్టబోయాను” అన్నారు. తిట్టినా బాగుండేది.

నిన్న ఎంపిక జరిగింది. నేను రోడ్డు పక్కన నీళ్ల సీసాలు అందించాను.

మూడు వారాలక్కా. ఇరవైనే చెప్పుంటే ఈపాటికి కొత్త జోడు నా ముక్కు మీద ఉండేది. నాలో నేను చచ్చిపోతుంటే నువ్వు యాపిల్స్ గురించి రాశావు. నోరు విప్పాల్సినప్పుడు విప్పలేదు, విప్పాక నా కొంప ముంచావు.

నాకు ఉత్తరాలు రాయకు.

సిగిత్

మలాంగ్,
19 మే

ఉత్తరం రాయొద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, పని కాగితం.

పెట్టెలో చెరగని సిరా కలం ఉంది. సైకిల్‌ని కదలకుండా స్టాండుకి బిగించు. పాత జోడు పెట్టుకుని ఎక్కు. దిగుడులో ఎలా వంగుతావో అలాగే వంగు, నాకోసం అందంగా కూర్చోకు. పది నిమిషాలు తొక్కి అలిసిపో, అప్పుడే ఒళ్లు అసలు భంగిమలోకి వస్తుంది. దూరంగా ఉన్న ఒకే చెట్టుని చూడు. నీ ఎత్తుకి వంగి ఎదురుగా నిలబడ్డ మనిషి, నీ పాప ఎక్కడ కనిపిస్తే లెన్సు మీద అక్కడ చుక్క పెట్టాలి. కుడికి ఒకటి, ఎడమకి ఒకటి. మూడుసార్లు చేసి, మూడూ ఒకచోటే పడితే జోడు పంపించు. పడకపోతే మళ్లీ చెయ్యి.

పాక్ తర్యోనోకి రాశాను. తప్పు నాదని, అబద్ధం మాత్రం నీదని, రెండూ విడివిడిగా రాసి సంతకం పెట్టాను. ఫోన్‌లో ఆయన్నే చిరునామా అడిగి దదాన్‌కి కూడా రాశాను. తన ఎముక విరిచింది నా కొలతేనని అతనికి తెలియాలి.

రెత్నో

లెంబాంగ్,
27 మే

అక్కా,

మూడు రోజులు ఆ కలం ముట్టుకోలేదు. తిరిగి పంపేద్దామని కాగితం కూడా చుట్టాను.

నిన్న దదాన్ వచ్చాడు, చెయ్యి మెడకి కట్టుకుని. రాగానే నీ ఉత్తరం నా ముఖాన విసిరాడు. “మీ అక్క నాలుగు పేజీలు రాసిందిరా! కన్నీళ్ల మరకలనుకున్నా, వాసన చూస్తే వేరుశనగ పచ్చడి” అన్నాడు. నాకు నవ్వొచ్చి, వెంటనే ఏడుపొచ్చింది. వాడి కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పాను. “తెలుసులేరా. గుద్దింది నువ్వని నాకు తెలియదా, నా ఎముకే కదా” అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, “నాకు కోపం ఉంది. గుద్దినందుకు కాదు. ఆస్పత్రికి ఒక్కసారి కూడా రాలేదు నువ్వు” అన్నాడు.

చుక్కలు పెట్టింది వాడే, ఎడమచేత్తో. “కదిలావంటే కంట్లో పెడతా” అని బెదిరిస్తూ. మూడుసార్లూ ఒకేచోట పడ్డాయి. నువ్వు పెట్టిన నడిమి బిందువు కంటే బొటనవేలి గోరంత పైన.

పాక్ తర్యోనో గుమ్మంలో నిలబడి అంతా చూశారు. దగ్గరికొచ్చి, జోడు తీసుకుని, తనే పెట్టుకుని వంగి చూశారు. వెళ్లబోతూ, “పట్టీ ఉందన్నమాట. మా వాడికి ఆ రోజు పట్టీ లేదు” అన్నారు. జట్టు పేర్లు పంపేశారు, అందులో నేను లేను. కొత్త జోడు వస్తే నన్ను ఒక్కసారి దింపి చూస్తానన్నారు.

కోపం పోలేదు. కానీ జోడు చెయ్యి. నువ్వే చెయ్యి.

సిగిత్

మలాంగ్,
4 జూన్

సిగిత్,

వచ్చింది, చేశాను. ఈసారి పైన ఫ్రేము కమ్మీ లేని రకం ఎంచుకున్నాను, వంగినప్పుడు నీ చూపుకి అడ్డం రాకుండా. పెద్ద లెన్సు తెప్పించి దదాన్ చుక్కల మీదే నడిమి బిందువులు పడేలా కోయించాను. నడుస్తూ పెట్టుకోకు, నిటారుగా ఉంటే నీకు తల తిరుగుతుంది. ఇది సైకిల్ మీద వంగిన మనిషికి మాత్రమే.

లియోంగ్‌గారి మాట నన్ను వదల్లేదు. నాన్న పాత కార్డులు దించి చూశాను. కొన్నింటి మూలన పెన్సిల్‌తో ‘వంచి’ అని ఉంది. ఒకతను గడియారాలు బాగుచేసేవాడు, ఒకావిడ బట్ట మీద మైనంతో బాతిక్ గీసేది. కుర్చీ పద్ధతి నాన్నది కాదురా. నేను నేర్చుకున్నది సగమే.

మొదటిసారి నెమ్మదిగా దిగు. నాకోసం.

అక్క

లెంబాంగ్,
9 జూన్

అక్కకు సలాం.

ఈరోజు పొద్దున దిగాను. ముందు మోటారుసైకిల్ మీద పాక్ తర్యోనో, ఆయన వెనక దదాన్ నా వైపు తిరిగి కూర్చున్నాడు, ఒంటిచేత్తో పట్టుకుని. ఆయన వద్దంటే, “వాడి కళ్లు చూడాలి సార్, నాకు హక్కుంది” అన్నాడట.

పైన మొదటి మలుపు. అలవాటుకొద్దీ గడ్డం ఎత్తబోయాను. “దించరా!” అని దదాన్ అరిచాడు. దించాను. పైన్ చెట్లు దాటాం. రెండో మలుపు, మూడోది. రోడ్డు తేలలేదు. ఎక్కడ కనిపించిందో అక్కడే ఉంది. కోచ్ వేగం పెంచారు, నేనూ పెంచాను.

టీ తోటల మలుపు వచ్చింది. రాళ్లగోడ మీద దదాన్ సైకిల్ గీసిన ఎర్రరంగు ఇంకా ఉంది. వాడు ఆ గోడని చూడలేదు, నన్నే చూస్తున్నాడు. నేను అంచు చూశాను, గోడ చూశాను, రోడ్డు మీద పడున్న టీ ఆకు కూడా చూశాను. తిరిగాను.

కింద ఆగాక కోచ్ చాలాసేపు చేతిగుడ్డతో ముఖం తుడుచుకున్నారు. “పదహారున అదనపు మనిషిగా రా. ఎవరైనా పడితేనే దిగుతావు. పడకూడదని కోరుకో” అన్నారు. అలాగే కోరుకుంటున్నాను, నిజంగా. ఈ ఏడు నాకు చోటు లేదు. నీమీద కోపం కొంచెం మిగిలే ఉంది. అది కూడా పోతుందిలే, రెండు వారాలు పడుతుందేమో. దదాన్ చిప్స్ అడుగుతున్నాడు.

నువ్వు అడగవు, భయపడతావు. అందుకే నేనే రాస్తున్నాను. ఆ మలుపులో తెల్లగీత మొదటి నుంచి చివరిదాకా చూశాను.

ఒక్కటే ఉందక్కా.

నీ తమ్ముడు,
సిగిత్